జవాను కుటుంబ పెన్షన్: "డ్యూటీలోనే పోయాడు కదా, ఫుల్ పెన్షన్ వస్తుంది" అనే మాటతో మొదలయ్యే నష్టం

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, ఐటీబీపీ, సీఐఎస్ఎఫ్... ఏ బలగమైనా సరే, జవాను పోయిన ఇంట్లో మొదటి పదిరోజుల్లో పరామర్శకు వచ్చినవాళ్లు తప్పకుండా అనే మాట ఇది: "బాధపడకమ్మా, డ్యూటీలోనే పోయాడు కాబట్టి ఫుల్ జీతం పెన్షనొస్తుంది." అనేవాళ్లది మంచి మనసే. కానీ ఆ భరోసాతో ఇంట్లోవాళ్లు కాగితాల జోలికి పోరు. అడిగిన చోట సంతకాలు పెట్టేస్తారు. కొన్నేళ్లకు పక్క జిల్లాలో మరో జవాను భార్యకు తమకంటే రెట్టింపు వస్తోందని తెలిసినప్పుడు లబోదిబోమంటారు. అప్పటికి కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (మరణంపై యూనిట్ జరిపే విచారణ) ఫైలు ఎక్కడుందో వెతకాలి, సాక్షులేమో బదిలీ అయిపోయి ఉంటారు.

అపోహ: డ్యూటీలో చనిపోతే పూర్తి పెన్షన్ దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఎంత పెన్షన్ వస్తుందన్నది మరణ కారణాన్ని ఫైల్లో ఏమని రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒంటిమీద యూనిఫాం ఉన్నంత మాత్రాన అది తేలదు. కేంద్ర ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ నిబంధనల్లో మరణాలను 'ఏ' (A) నుంచి 'ఈ' (E) వరకు కేటగిరీలుగా విడదీశారు. సర్వీసుతో సంబంధం లేని మరణం 'ఏ'. సర్వీసు వల్ల వచ్చిన, లేదా సర్వీసు వల్ల ముదిరిన జబ్బుతో పోతే బీ. విధి నిర్వహణలో ప్రమాదమైతే సీ. ఉగ్రవాదులు, అసాంఘిక శక్తుల హింస డీ. తీవ్రవాదులపై ఆపరేషన్, సరిహద్దు కాల్పులు, యుద్ధం 'ఈ'.

లెక్క తేలిగ్గా ఉండటానికి చివరి బేసిక్ 30,000 అనుకుందాం. 'ఏ' (A) కేటగిరీ అయితే మామూలు ఫ్యామిలీ పెన్షనే: మొదటి 10 ఏళ్లు బేసిక్‌లో 50 శాతం, అంటే 15,000, ఆ తర్వాత 30 శాతం, అంటే 9,000. బీ, సీ అయితే ఎక్స్‌ట్రార్డినరీ పెన్షన్ కింద 60 శాతం, 18,000. పదేళ్లకు తగ్గడమనేది ఇందులో లేదు. తీవ్రవాదులతో ఎదురుకాల్పుల్లోనో, వాళ్లు పెట్టిన మందుపాతరకో పోతే లిబరలైజ్డ్ పెన్షన్ కింద భార్యకు చివరి బేసిక్ మొత్తం, 30,000. వీటన్నిటి మీదా డీఏ అదనం. డీఏ కూడా శాతాల్లోనే కాబట్టి తేడా ఏటా పెరుగుతూనే పోతుంది. 28 ఏళ్ల వయసులో భర్తను పోగొట్టుకున్న అమ్మాయికి, పదేళ్ల తర్వాత 9,000కీ 30,000కీ మధ్య ఉన్న ఆ తేడా జీవితాంతం నడుస్తుంది.

ఎక్స్‌గ్రేషియాదీ (ఒక్కసారే ఇచ్చే పరిహారం) ఇదే లెక్క. 2016 జనవరి 1 నుంచి కేంద్రం ఇస్తున్న రేట్ల ప్రకారం విధి నిర్వహణలో ప్రమాదానికీ, ఉగ్రవాదుల హింసకూ 25 లక్షలు. తీవ్రవాదులపై చర్యలో, సరిహద్దు ఘర్షణలో అయితే 35 లక్షలు. క్యాంపులో గుండెపోటు వస్తే బీ కేటగిరీ పెన్షన్ దక్కవచ్చు, ఎక్స్‌గ్రేషియా మాత్రం రాదు. రెండూ వేర్వేరు. ఒకటి రాలేదంటే రెండోదీ పోయినట్టేనని అనుకోవద్దు.

మరి కేటగిరీ ఎక్కడ తేలుతుంది? యూనిట్ జరిపే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో. దానికి ఆధారం నాలుగు కాగితాలు: ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఆ రోజు ఆయన ఏ డ్యూటీలో ఉన్నాడో చెప్పే ఆర్డరు లేదా జనరల్ డైరీ ఎంట్రీ. జబ్బు కేసైతే మెడికల్ ఒపీనియన్ కూడా ఉండాలి.

వీటిలో కుటుంబం చేజేతులా పోగొట్టేది పోస్ట్‌మార్టం. "మా వాణ్ని ముక్కలు చేయొద్దు" అని దండం పెడతారు. ఆ బాధ ఎవరికైనా అర్థమవుతుంది. కానీ గుండెపోటు, బ్రెయిన్ హెమరేజ్, వడదెబ్బ లాంటి మరణాల్లో ఆ రిపోర్టు లేకపోతే కారణం "తెలియదు" అనే పడుతుంది. అక్కణ్నుంచి 'ఏ' (A) కేటగిరీకి జారిపోవడానికి ఎంతోసేపు పట్టదు. దగ్గరి బంధువుల్లో ఎవరైనా గట్టిగా నిలబడి పోస్ట్‌మార్టం జరిగేలా చూడాలి. అందరూ ఏడుస్తున్నప్పుడు ఆ పని చేసినవాడే ఆ ఇంటికి నిజంగా ఆసరా.

గుండెపోటు అనగానే "అది సహజ మరణం, ఏమీ రాదు" అని తేల్చేసేవాళ్లు యూనిట్‌లోనూ ఉంటారు. అది తప్పు. ఒత్తిడి, శ్రమ వల్ల వచ్చే జబ్బుల జాబితాలో గుండెపోటు, మెదడులో రక్తస్రావం, బీపీ ఉన్నాయి. భర్తీ అయినప్పుడు ఆయన ఫిట్ అని రాశారా, చివరి వార్షిక మెడికల్‌లో షేప్-1లో (పూర్తి ఫిట్ అనే మెడికల్ కేటగిరీ) ఉన్నాడా, చనిపోయే ముందు నెలల్లో ఏ ఏరియాలో, ఎలాంటి డ్యూటీలు చేశాడు అన్నవి అడిగి తీసుకోండి. ఆధారాలు అటూ ఇటూగా ఉంటే సందేహ లాభం కుటుంబానికే ఇవ్వాలనీ, ఫీల్డ్ సర్వీసు కేసుల్లో మరింత ఉదారంగా ఇవ్వాలనీ నిబంధనల్లోనే ఉంది. మీ అర్జీలో ఆ మాట రాయండి.

"సెలవు మీద వస్తూ దారిలో పోయాడు, అది డ్యూటీ కాదన్నారు" అన్నది తరచూ కనిపించే మరో కేసు. సాయుధ బలగాల వాళ్లకు "డ్యూటీ" అంటే గేటు దగ్గర నిలబడటమొక్కటే కాదు. ఒక డ్యూటీ చోటు నుంచి మరో చోటికి వెళ్లడం, ప్రభుత్వ ఖర్చు మీద (రైల్వే వారంటు, టీఏ వంటివి) డ్యూటీ స్టేషన్ నుంచి సెలవు ఊరికి వెళ్లడం, తిరిగి రావడం, క్వార్టర్ నుంచి పనిచోటుకు సరైన దారిలో వెళ్లిరావడం, అధికారులు ఏర్పాటు చేసిన ఆటలపోటీలు... ఇవన్నీ డ్యూటీ కిందికే వస్తాయి. అందుకే ఆయన సంచిలో దొరికిన వారంటు, టికెట్టు, లీవ్ సర్టిఫికెట్ పారేయకండి. బట్టలతో పాటు అవీ తిరిగొస్తాయి, ఇంట్లో ఎవరో తీసి చెత్తలో వేసేస్తారు. ఊరికొచ్చేశాక, సెలవు మధ్యలో సొంత పని మీద బండి నడుపుతూ ప్రమాదమైతే మాత్రం అది 'ఏ' (A) కేటగిరీయే.

అపోహ: మామూలు ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటే పెద్దది అడిగే హక్కు పోతుంది.

పోదు. ఎంక్వైరీ తేలేలోపు మామూలు పెన్షనో, ప్రొవిజనల్ పెన్షనో తీసుకోండి. తర్వాత ఎక్కువది మంజూరైతే తేడా బకాయిగా వస్తుంది. ఆ మొదటి పెన్షనే చివరిదనుకుని ఊరుకుంటేనే నష్టం. పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) చేతికి రాగానే ఒక పని చేయండి. ఫ్యామిలీ పెన్షన్ దగ్గర రెండు రేట్లు, వాటిలో ఎక్కువ రేటు పక్కన ఫలానా తేదీ వరకు అని ఉందా చూడండి. ఉంటే అది మామూలు ఫ్యామిలీ పెన్షన్. ఎక్స్‌ట్రార్డినరీ అయినా, లిబరలైజ్డ్ అయినా అలా పదేళ్ల గడువు ఉండదు. అది కనిపించిన వారంలోనే కమాండెంట్‌కు రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పెట్టండి: ఏ కేటగిరీ కింద మంజూరు చేశారు, ఎంక్వైరీ ఏం తేల్చింది, దాని నకలు ఇవ్వండి అని. రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే ఫోర్స్ హెడ్‌క్వార్టర్స్‌కు, ఆపై పెన్షన్ శాఖ వారి సీపెన్‌గ్రామ్స్ పోర్టల్లో ఫిర్యాదు.

"ఆర్టీఐ వేస్తే ముప్పై రోజుల్లో అన్నీ వస్తాయి" అని సలహా ఇచ్చేవాళ్లకు ఒక మాట. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటివి ఆ చట్టం 24వ సెక్షన్ కింద మినహాయింపు పొందిన సంస్థలు. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన విషయాలు తప్ప మిగతావి ఇవ్వం అనొచ్చు. తిరస్కరణ లేఖ కోసం నెల పోగొట్టుకోవడం కన్నా నేరుగా అర్జీ పెట్టడం మేలు. ఏళ్ల తరబడి ఆగి హైకోర్టుకు వెళ్తే గెలిచినా బకాయిలు సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది అదే.

ఇక మిగతావి గబగబా.

"అమరవీరుడని సర్టిఫికెట్ ఉంటేనే పెన్షన్": కాదు. అధికారికంగా అలాంటి హోదా సైన్యంలోనూ లేదు, కేంద్ర బలగాల్లోనూ లేదని కేంద్రం పార్లమెంటులో చాలాసార్లు చెప్పింది. ఆపరేషన్‌లో పోయినవాళ్ల కుటుంబానికి ఆపరేషనల్ క్యాజువాలిటీ సర్టిఫికెట్ ఇస్తారు, దాన్ని అడిగి తీసుకోండి. అక్టోబర్ 21న సంస్మరణ దినం నాడు పేరు చదవడం గౌరవం. పెన్షన్ కేటగిరీకి దానితో సంబంధం లేదు.

"నామినీ అమ్మ కాబట్టి పెన్షన్ అమ్మకే": ఫ్యామిలీ పెన్షన్ నామినేషన్‌తో నడవదు, వీలునామాతో అసలు నడవదు. నిబంధనల్లో ఉన్న వరసే: ముందు భార్య, తర్వాత అర్హులైన పిల్లలు, వాళ్లెవరూ లేకపోతే తల్లిదండ్రులు. పెళ్లికాని జవాను ఆపరేషన్‌లో పోతే లిబరలైజ్డ్ కింద తల్లిదండ్రులిద్దరూ ఉంటే 75 శాతం, ఒక్కరే ఉంటే 60 శాతం. వాళ్ల ఆదాయం ఎంతన్నది చూడరు. జీపీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్ మాత్రం నామినేషన్‌ను బట్టి వెళ్తాయి. అత్తాకోడళ్ల మధ్య గొడవలన్నీ ఈ రెండూ కలిపేయడం వల్లే. ఇది చదివే జవాన్లు ఎవరైనా ఉంటే, పెళ్లయ్యాక నామినేషన్లూ, కుటుంబ వివరాల ఫారం 4 మార్చారా లేదా ఈ రోజే చూసుకోండి.

"ముందు కోర్టు నుంచి వారసత్వ సర్టిఫికెట్ తేవాలి": సర్వీస్ రికార్డులో భార్య పేరు ఉంటే ఫ్యామిలీ పెన్షన్‌కు అక్కర్లేదు. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ సరిపోయేచోట లాయరుకు వేలు పోయకండి.

డెత్ సర్టిఫికెట్ ఊళ్లో పంచాయతీ ఇవ్వదు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. సుక్మాలో పోతే ఛత్తీస్‌గఢ్ నుంచే రావాలి. కనీసం పది నకళ్లు తెమ్మని యూనిట్ వాళ్లకు ముందే చెప్పండి.

పేర్ల తేడా మన తెలుగువాళ్ల ప్రత్యేక తలనొప్పి. సర్వీస్ బుక్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకులో పుట్టింటి ఇంటిపేరు. ఫైలు వెళ్లకముందే ఆధార్, బ్యాంకు ఖాతా సర్వీస్ బుక్‌కు సరిపోయేలా మార్చుకోండి. వెళ్లాక తిరిగొస్తే నెలలు పోతాయి.

"ఎన్‌పీఎస్ (కొత్త పెన్షన్ పథకం) వాళ్లకు ఫ్యామిలీ పెన్షన్ లేదు": సర్వీసులో ఉండగా చనిపోతే పాత నిబంధనల ప్రకారం ఫ్యామిలీ పెన్షన్ పొందే ఆప్షన్ 2021 నిబంధనల్లో ఉంది. అది తీసుకుంటే ఎన్‌పీఎస్ ఖాతాలో ప్రభుత్వ వాటా వెనక్కి పోతుంది, ఆయన సొంత వాటా కుటుంబానికి వస్తుంది.

"ఆత్మహత్య కాబట్టి ఏమీ రాదు": ఈ మాట ఎవరన్నా నమ్మకండి. మామూలు ఫ్యామిలీ పెన్షన్, గ్రాట్యుటీ, జీపీఎఫ్ ఏ కారణంతో పోయినా వస్తాయి. సిగ్గుపడి ఫైలు పెట్టకుండా ఆగిపోయిన కుటుంబాలకు ఈ సంగతి చెప్పండి.

"గ్రేహౌండ్స్ ఆయన భార్యకు వచ్చింది, మాకెందుకు రాదు": గ్రేహౌండ్స్ రాష్ట్ర పోలీసు. వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ జీవోలు, కేంద్ర బలగాలకు కేంద్ర నిబంధనలు. పోల్చుకుని లాభం లేదు. పిల్లల చదువుకు ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ మాత్రం ఉగ్రవాద, నక్సల్ దాడుల్లో పోయిన రాష్ట్ర పోలీసుల పిల్లలకూ 2019 నుంచి ఇస్తున్నారు: నెలకు ఆడపిల్లకు 3,000, మగపిల్లవాడికి 2,500, ప్రొఫెషనల్ కోర్సులకు.

బ్యాంకు వైపు ఎవరూ చూడరు. పాస్‌బుక్ ప్రింట్ వేయించి మే నెలాఖరు ఎంట్రీలు చూడండి. 436 కట్ అయితే జీవన్ జ్యోతి, 20 కట్ అయితే సురక్షా బీమా; ఒక్కోటి 2 లక్షలు. రెండోదానికి ప్రమాద మరణమై ఉండాలి, హత్య కూడా ఆ కిందికే వస్తుంది. తర్వాత, ఆ ఖాతా శాలరీ ప్యాకేజ్‌గా నమోదై ఉందో లేదో బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. జీతం పడుతున్నంత మాత్రాన సాధారణ సేవింగ్స్ ఖాతాకు ఆ ప్యాకేజ్ ప్రమాద బీమా వర్తించదు. ఏటీఎం కార్డు బీమాకు మరణానికి ముందు కొన్ని వారాల్లో కార్డు వాడి ఉండాలన్న షరతు ఉంటుంది. వీటికి గడువులు చిన్నవి కాబట్టి కర్మకాండ అయ్యేదాకా ఆగకుండా ముందు సమాచార లేఖ ఇచ్చేయండి, మిగతా కాగితాలు తర్వాత.

పన్ను సంగతి కూడా. కేంద్ర పారామిలటరీ జవాను ఆపరేషనల్ డ్యూటీలో పోతే భార్యకు, పిల్లలకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్‌పై ఆదాయపన్ను లేదు. కానీ బ్యాంకుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఫ్యామిలీ పెన్షన్‌పై మామూలుగా టీడీఎస్ ఉండదు, అయినా పొరపాటున కోసే అవకాశం ఉంది. మరణం ఆపరేషనల్ డ్యూటీలోనే జరిగిందని యూనిట్ నుంచి సర్టిఫికెట్ తీసుకుని, పీపీఓ నకలు జతచేసి బ్యాంకు పెన్షన్ విభాగానికి ఇవ్వండి. ఇప్పటికే కోసి ఉంటే రిటర్న్ వేసి రిఫండ్ తెచ్చుకోవచ్చు.