రెండో దారి

2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1. ఆ రెండు రోజుల వానను మా వైపు ఎవరూ మర్చిపోలేదు. సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలంలో నాగార్జునసాగర్ ఎడమ కాల్వకు గండి పడింది. ఊళ్లమీద పడ్డ నీళ్లు ఒక కష్టమైతే, గండికి దిగువన ఖమ్మం వైపు ఆయకట్టుకు నీళ్లు ఆగిపోవడం ఇంకో కష్టం. అదే వానకు కేసముద్రం–ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. కాజీపేట–విజయవాడ లైను మూతపడింది. అయినా కొన్ని రైళ్లు నడిచాయి. గుంటూరు, నల్గొండ, పగిడిపల్లి మీదుగా చుట్టు తిరిగి వచ్చాయి.

నేను నెట్‌వర్కుల పని చేస్తాను. ఆ రెండు సంఘటనలు పక్కపక్కన చూసినప్పుడు నా పనిలోని అసలు విషయమంతా అందులోనే కనబడింది. కాల్వది చెట్టు రూపం: ప్రధాన కాల్వ, దాని నుంచి మేజర్లు, మైనర్లు, తూములు, పిల్లకాల్వలు. మొదట్లో తెగితే చివరి మడి దాకా ఎండాల్సిందే. రైలు దారిది చుట్టు రూపం. ఒకచోట తెగినా రెండో వైపు నుంచి చేరొచ్చు. నీళ్లు పల్లానికే పారాలి కాబట్టి కాల్వకు చెట్టు రూపం తప్పదు. ఇంటర్నెట్‌ను మోసే గాజు పోగు, అంటే ఫైబర్‌లో పోయే వెలుగుకు పల్లం, మెరక లేవు. అయినా మనం చాలాకాలం ఊళ్లకు ఇంటర్నెట్‌ను కాల్వ తవ్వినట్టే వేశాం.

కారణం ఖర్చే. 30 ఊళ్లను చెట్టులా కలిపితే 29 లైన్లు చాలు. ప్రతి ఊరికీ మిగతా అన్ని ఊళ్లతో నేరుగా లైను వేయాలంటే 435 కావాలి, 31వ ఊరు చేరితే మరో 30. అది ఎవరి తరమూ కాదు. చుట్టుగా కలిపితే 30 లైన్లు. చెట్టుకంటే ఒక్కటే ఎక్కువ! ఆ ఒక్క లైనుతో ప్రతి ఊరికీ రెండో దారి దొరుకుతుంది. నెట్‌వర్కు గీసేటప్పుడు ఇంత తక్కువ ఖర్చుకు ఇంత లాభం ఇంకెక్కడా నేను చూడలేదు.

లెక్క చూడండి. ఒక లైను నూటికి 99 పాళ్లు పనిచేస్తుందనుకుందాం. వినడానికి బాగానే ఉంటుంది కానీ, ఏడాదిలో దాదాపు 88 గంటలు అది పడిపోతుందన్నమాట. అలాంటి పది లైన్లను దండ గుచ్చినట్టు ఒకదాని వెనక ఒకటి కడితే, చివరి ఊరికి ఏడాదిలో 35 రోజులు నెట్ ఉండదు. అదే ఒక ఊరికి వేర్వేరు దారుల్లో రెండు లైన్లు వస్తే, రెండూ ఒకేసారి పోయేది ఏడాదికి సుమారు 53 నిమిషాలే.

ఈ లెక్కలో ‘వేర్వేరు’ అన్న మాటే ప్రాణం. అది నాకు ఒక గుంత దగ్గర తెలిసింది.

నల్గొండలో ఒక ఆఫీసుకు రెండు కంపెనీల కనెక్షన్లు పెట్టించాం. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని ధైర్యం. ఒకరోజు పొద్దున పదకొండుకు రెండూ ఒకేసారి పోయినయ్. లైను వెంబడి వెతుక్కుంటూ పోతే, రోడ్డు పక్కన నీళ్ల పైపు కోసం జేసీబీ తవ్విన గుంతలో చీలిన ప్లాస్టిక్ పైపు ఒకటి. రెండు కేబుళ్లూ అందులోనే ఉన్నయ్.

"రెండు కంపెనీలున్నా పైపు ఒక్కటే అన్నా," అన్నాడు జాయింట్లు వేసే పిల్లగాడు. గుంత పక్కన పట్టా పరుచుకుని కూర్చున్నాడు. వెంట్రుక అంత సన్నని గాజు పోగును స్పిరిట్‌తో తుడిచి, కొసను నున్నగా కోసి, మెషీన్‌లో పెట్టాడు. చిన్న తెరమీద రెండు కొసలు దగ్గరకు జరిగాయి, ఒక మెరుపు మెరిసింది, రెండూ ఒకటయ్యాయి. నీలానికి నీలం, నారింజకు నారింజ, ఆకుపచ్చకు ఆకుపచ్చ... ఒక్కో పోగూ అతికేసరికి పొద్దుగూకింది. ఎనిమిది, తొమ్మిది గంటలు. ఏడాదికి 53 నిమిషాలనుకున్న లెక్క ఒక్క గుంతతో దాదాపు పదింతలైంది.

అప్పటి నుంచి ఎవరు రెండో లైను గురించి మాట్లాడినా, ఏ కంపెనీ అని అడగను. ఏ రోడ్డు, ఏ పక్క, ఏ స్తంభాలు, ఏ టవర్ నుంచి, దానికి కరెంటు ఏ సబ్‌స్టేషన్ నుంచి అని అడుగుతాను.

రెండో దారితో ఇంకో చిక్కుంది. ఈథర్‌నెట్ స్విచ్‌లను, అంటే ఒక లైనులో వచ్చిన సందేశాన్ని మిగతా లైన్లలోకి పంపే పెట్టెలను, చుట్టుగా కలిపితే, అందరికీ అని పంపిన సందేశం ఆగకుండా ఆ చుట్టులోనే తిరుగుతుంది. ప్రతి స్విచ్ దానికి నకళ్లు తీస్తూ పోతుంటే క్షణాల్లో నెట్‌వర్కంతా ఊపిరాడక కూలిపోతుంది. దీనికి మందు కనిపెట్టింది అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త రేడియా పెర్ల్‌మన్, 1985లో. స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని ఒక దారిని మూసి ఉంచుతాయి, తెరిచి ఉన్న దారి తెగితే మూసినదాన్ని తెరుస్తాయి. కట్టడం చుట్టుగా, నడపడం చెట్టుగా! మొదట్లో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పట్టేది. ఇప్పుడు చుట్టుల కోసం తయారైన పద్ధతులు 50 మిల్లీసెకన్లలోపే ఆ పని చేస్తున్నాయి. ఫోన్ మాట్లాడేవారికి తెలియనే తెలియదు.

చుట్టు కూడా మరీ పెద్దదైతే పనికిరాదు. 30 ఊళ్ల చుట్టులో రెండు చోట్ల తెగితే మధ్య ఊళ్లు వేరుపడిపోతాయి. అందుకే ఆరేడు ఊళ్లకొక చిన్న చుట్టు గీసి, దాని ఒక కొసను నల్గొండలో, ఇంకో కొసను మిర్యాలగూడలో కలపడం మేలు. కొత్త ఊరు వస్తే ఆ ఒక్క చుట్టునే విప్పి మధ్యలో చేరుస్తాం, మిగతావాటిని ముట్టుకోనక్కర్లేదు. అమెరికా ఇంజనీరు పాల్ బారన్ 1964లోనే చూపించాడు: అందరినీ అందరితో కలపక్కర్లేదు, ఒక్కో కేంద్రానికి కావాల్సిన దానికి మూడు నాలుగింతల లైన్లుంటే నెట్‌వర్కు పెద్ద దెబ్బలకు కూడా తట్టుకుంటుందని. పంచాయతీలకు ఫైబర్ వేసే భారత్‌నెట్‌ను కూడా 2023లో సవరించి, చుట్టు రూపానికి మార్చాలని కేంద్రం నిర్ణయించింది. ఆలస్యమైనా సరైన నిర్ణయమే.

మళ్లీ రైళ్ల దగ్గరికి వస్తాను. ఆ సెప్టెంబర్‌లో చాలా రైళ్లు రద్దయ్యాయి కూడా. నల్గొండ లైను అప్పటికి చాలామేర ఒంటి లైను, కాజీపేట దారి బరువంతా అది మోయలేకపోయింది. నెట్‌వర్కులోనూ అంతే. చుట్టులో ఒక పక్క తెగితే దాని బరువంతా రెండో పక్కకు వస్తుంది. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు కట్ట తెగితే కింది చెరువు అలుగు చాలక అదీ తెగినట్టు, మోయలేని లైను మీద బరువు పడితే అదీ కూలుతుంది. అందుకని మామూలు రోజుల్లో రెండు పక్కలా సగం ఖాళీగా ఉంచాలి. "సగం ఊరికే పడి ఉంది కదా" అని దాన్నీ అమ్ముకోవడం మొదలుపెడితే రెండో దారి పేరుకే మిగులుతుంది.

ఆ ఆఫీసుకు ఇప్పుడు రెండో లైను ఊరికి అవతలి పక్క నుంచి, వేరే రోడ్డు వెంట స్తంభాల మీదుగా వస్తోంది. నెలకోసారి రాత్రి పది దాటాక మొదటి లైను తీగను నా చేత్తోనే పీకేస్తాను. స్విచ్ మీద ఒక పచ్చదీపం ఆరి, పక్కది వెలుగుతుంది. ఐదు నిమిషాలు చూసి, మళ్లీ పెట్టేస్తాను.