గుర్రాలుండగా కంచరగాడిదలెందుకు?

పండుకూ, చిన్నికీ,

"సైన్యం దగ్గర గుర్రాలుండగా కంచరగాడిదలెందుకు ఎక్కారు తాతయ్యా?" అని అడిగారు. బొమ్మల్లో ఆ సైన్యాన్ని నడిపిన సేనాని హోసే దె సాన్ మార్టిన్ ఠీవిగా గుర్రం మీద దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు దాటుతుంటాడు. నిజానికి దాటించింది కంచరగాడిదే. గుర్రాల్ని ఖాళీ వీపుతో నడిపించుకెళ్లారు, అవతల యుద్ధానికి వాటిలో సత్తువ మిగలాలని.

ఇది 1817 జనవరి మాట. చిలీని స్పెయిన్ రాజు చేతిలోంచి విడిపించడానికి అర్జెంటీనాలోని మెండోజా నుంచి అయిదు వేల పైచిలుకు మంది బయల్దేరారు. ముఖ్యమైన దళాలు రెండు దారులు పట్టాయి. ఫిరంగులు ఉస్పాయాతా కనుమలోంచి, ఎక్కువమంది సైనికులు లాస్ పాతోస్ దారిన. ఈ రెండో దారి 4,000 మీటర్లు దాటి పైకి పోతుంది.

అక్కడ గాలి ఎలా ఉంటుందో తెలియాలంటే మనింట్లో బొంతల దొంతి చూడండి. అడుగు బొంత అణిగి గట్టిగా ఉంటుంది, పైది పొంగి మెత్తగా ఉంటుంది. గాలీ అంతే. సముద్రం ఒడ్డున మనం అడుగు బొంతలో ఉన్నట్టు. 4,000 మీటర్ల మీద గాలి ఒత్తిడి ఇక్కడున్నదాంట్లో అరవై శాతమే. రొమ్ము నిండా పీల్చినా అందులో దూది తక్కువ! తలపోటు, వాంతులు, నిద్ర పట్టకపోవడం. అక్కడివాళ్లు దాన్ని పునా అంటారు. సైనికులు ఉల్లీ వెల్లుల్లీ నమిలారు. నమిలితే దూది పెరగదు కదా. ఆగి అలవాటు పడాలి, తగ్గకపోతే కిందికి దిగాలి.

బొంతల బరువు తగ్గితే నీళ్లు కూడా తొందరపడతాయి. 100 డిగ్రీల దాకా ఆగకుండా 87 దగ్గరే తెర్లుతాయి. ఆ నీళ్లలో పప్పు ఉడకాలంటే చాలాసేపు పడుతుంది. సైన్యం తీసుకెళ్లిందేమో మాంసం వరుగుల్ని దంచి, కొవ్వూ మిరపకాయా కలిపిన పొడి. వేడినీళ్లు పోస్తే చాలు, కూడు సిద్ధం. బరువూ తక్కువే.

ఫిరంగుల సంగతి చూసినవాడు లూయీస్ బెల్త్రాన్ అనే క్రైస్తవ సన్యాసి. చర్చి గంటలు కరిగించి ఫిరంగులు పోయించాడు. కార్ఖానా రొదలో పనివాళ్ల మీద అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడట, పాపం.

ఇక మీ కంచరగాడిద. దాని డెక్క సన్నగా, గట్టిగా ఉంటుంది. జారే రాతి మీద అడుగు చూసుకుని వేస్తుంది, తోలినా తొందరపడదు. మైదానంలో పెరిగిన గుర్రాలకు రాళ్లమీద డెక్కలు అరిగిపోకుండా ముందే లాడాలు కొట్టించాల్సి వచ్చింది. అయినా బయల్దేరిన 1,600 గుర్రాల్లో అవతలికి చేరినవి దాదాపు 500. కంచరగాడిదలూ సగానికి పైగా దారిలోనే పోయాయి. అయినా ఫిబ్రవరి 12న చిలీలోని చకాబుకో దగ్గర గెలిచారు.

అట్లాసు తీసి మెండోజా మీద ఒక వేలు, చిలీ రాజధాని శాంటియాగో మీద ఒక వేలు పెట్టండి. మధ్యలో ఎంత సందుందో చూశాక, వెళ్లి ఆ దొంతిలో అడుగు బొంత కింద చెయ్యి దూర్చండి.

మీ తాతయ్య