ల్యూట్సెరాట్: అడవి కొట్టి కట్టుకున్న ఊరు

2023 జనవరిలో జర్మనీ పశ్చిమ కొసన ఉన్న ల్యూట్సెరాట్ అనే కుగ్రామం దగ్గర వేలమంది వానలో, బురదలో నిలబడ్డారు. బొగ్గు గని కోసం ఊరిని తవ్వేయొద్దంటూ చెట్ల మీద గుడిసెలు కట్టుకుని ఉంటున్న ఆందోళనకారులను పోలీసులు ఒక్కొక్కరిగా కిందికి దించారు. వాతావరణ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బర్గ్ కూడా వచ్చారు. వార్తలన్నీ బొగ్గు గురించీ, వాతావరణం గురించీ వచ్చాయి. ఆ ఊరు అక్కడ ఎందుకు పుట్టిందో పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

రైన్ నదికి పడమర వైపు, ఎర్కెలెంట్స్ పట్టణం చుట్టూ నేల దాదాపు చదును. మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పోసిన లోయెస్ అనే మెత్తటి మట్టి ఇక్కడ మీటర్ల మందాన ఉంది. నీటిని పట్టి ఉంచుతుంది, రాళ్ళు ఉండవు. గోధుమకు, షుగర్ బీట్‌కు ఇంతకంటే మంచి నేల జర్మనీలో అరుదు. అయితే ఒకప్పుడు ఇక్కడ చాలా మేర అడవే.

ఆ సంగతి ఊళ్ళ పేర్లే చెబుతాయి. 'రాట్' (పాత రూపం 'రోడె') అంటే అడవి నరికి సాగులోకి తెచ్చిన చోటు. పక్కనున్న ఇమ్మెరాట్ 1144 నాటి పత్రంలో 'ఎముండ్‌రోడె'. ల్యూట్సెరాట్ 1168లో 'లుట్సెలెన్‌రోడె'గా మొదటిసారి కనిపిస్తుంది. అంటే అది పుట్టిన ఏడు అని కాదు. ఆ కాలపు పత్రాలు భూమి, శిస్తు చేతులు మారినప్పుడే రాసేవారు, కాబట్టి ఊరు అంతకుముందు నుంచే ఉండి ఉండొచ్చు. కాస్త దూరంలోని హోల్ట్స్‌వైలర్ పేరు 898లోనే, రాజు జ్వెంటిబోల్డ్ ఇచ్చిన దానపత్రంలో ఉంది.

అడవి కొట్టింది రైతులైనా, పంటలో పెద్ద వాటా మఠాలకు పోయేది. ల్యూట్సెరాట్‌లోని పెద్ద పొలం 1265 నుంచి డ్యూస్సర్న్‌లోని సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసినుల మఠానిది. అయిదు వందల ఏళ్ళకు పైగా వాళ్ళ చేతిలోనే ఉంది. ఫ్రెంచి పాలన వచ్చి 1802లో మఠాల ఆస్తులు స్వాధీనం చేసుకున్నాకే అది ప్రైవేటు రైతుల పరమైంది. ఇక్కడ భూమి యజమాని దూరాన ఉండటం బొగ్గు కంపెనీతో మొదలైన సంగతి కాదని నాకనిపిస్తుంది.

ఆ మట్టి కిందే లిగ్నైట్ అనే గోధుమరంగు బొగ్గు ఉంది. దాన్ని నేల పైనుంచే తవ్వే గార్ట్స్‌వైలర్ ఓపెన్‌కాస్ట్ గని రెండో దశకు 1995లో అనుమతి వచ్చింది. గని కోసం భూగర్భ జలాలు తోడేయడంతో కూకుమ్ అనే ఊరి దగ్గరి నీర్స్ నది ఊటలు ఎండిపోయాయి. ఇప్పుడు గని నుంచి తోడిన నీటినే అక్కడ వదులుతున్నారు. 2018 జనవరిలో గని కోసం ఇమ్మెరాట్ చర్చిని యంత్రాలు కూల్చాయి. జనం ముద్దుగా 'డోమ్' అని, అంటే పెద్ద గుడి అని పిలుచుకునే చర్చి అది. ల్యూట్సెరాట్ వాళ్ళకు 2006 నుంచే, వేరే చోట కొత్తగా కట్టిన ఇమ్మెరాట్‌లో పునరావాసం చూపించారు.

2022 అక్టోబరులో ప్రభుత్వానికీ, గని నడిపే ఆర్‌డబ్ల్యూఈ కంపెనీకీ ఒప్పందం కుదిరింది. బొగ్గు నుంచి 2038కి బదులు 2030లోనే తప్పుకోవడం, కైయెన్‌బర్గ్‌తో సహా అయిదు ఊళ్ళను వదిలేయడం, ల్యూట్సెరాట్‌ను మాత్రం తవ్వుకోవడం. బతికిపోయిన ఆ అయిదు ఊళ్ళలో అప్పటికే చాలా ఇళ్ళు ఖాళీ. చాలామంది పొలాలు, ఇళ్ళు అమ్మేసి కొత్త ఊళ్ళకు వెళ్ళిపోయారు.