గంటల తరబడి హెడ్‌ఫోన్ పెట్టుకునేవారికి: కొన్ని అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో ఆడియాలజిస్ట్‌గా వినికిడి పరీక్షలు చేసే నా దగ్గరికి ఒకప్పుడు ఎక్కువగా వయసు మళ్లినవారే వచ్చేవారు. ఇప్పుడు వారితోపాటు ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఆన్‌లైన్ పాఠాలు వినే ఇంటర్ విద్యార్థులు కూడా వస్తున్నారు. వీరిలో చాలామందికి వినికిడి బాగానే ఉంటుంది. చెవి డొప్ప నొప్పి, కణతల దగ్గర ఒత్తిడి, చెవిలో దురద, సాయంత్రానికి తలబరువు మాత్రం వేధిస్తుంటాయి. హెడ్‌ఫోన్‌ను మన తలకు, మనం కూర్చునే గదికి సరిపోతుందో లేదో చూసి కొనాలి. ధర, పేరు ఆ తరువాతి విషయాలు.

అపోహ: మెత్తలు ఎంత దళసరిగా ఉంటే చెవికి అంత హాయి.

వాస్తవం: మెత్త మందం కన్నా దాని లోపలి ఖాళీ ముఖ్యం. చెవి డొప్ప మొత్తం ఆ ఖాళీలో ఇమిడిపోవాలి, దాని అంచు లోపలి గుడ్డకు తగలకూడదు. డొప్పలోని మృదులాస్థి మీద చర్మం చాలా పలుచగా ఉంటుంది కాబట్టి, కొనే ముందు రెండు నిమిషాలు పెట్టుకుంటే తెలియని చిన్న ఒత్తిడి గంట గడిచేసరికి భరించలేని నొప్పిగా మారుతుంది. చెవి మీదే ఆనే చిన్న రకం హెడ్‌ఫోన్లు రోజంతా పనికి సరిపడకపోవడానికి ఇదే కారణం.

బిగింపు కూడా అంతే ముఖ్యం. మరీ వదులైతే తల వంచగానే జారుతుంది, మరీ బిగుతైతే దవడ కీలు దగ్గర నొక్కుతుంది. కళ్లజోడు ఉన్నవారికి మరో చిక్కు ఉంది. మెత్త కళ్లజోడు కాడను కణతకు అదుముతుంది, కాడ పక్కన ఏర్పడే సందులోంచి తక్కువ శ్రుతి శబ్దాలు బయటికి పోతాయి, పలుచబడిన శబ్దాన్ని సరిచేసుకోవడానికి మనిషి తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాడు. అందువల్ల కళ్లజోడు పెట్టుకునేవారు రోజూ వాడే జోడుతోనే దుకాణానికి వెళ్లి, వీలైతే అరగంటసేపు తల మీద ఉంచుకుని చూడాలి. సన్నని కాడలున్న జోడు, లోతుగా మెత్తగా ఉండే ఫోమ్ ఉన్న హెడ్‌ఫోన్ కలిస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

బరువు విషయంలో, చెవులను పూర్తిగా కప్పే వైర్‌లెస్ రకాలు చాలావరకు 250 గ్రాముల చుట్టుపక్కల ఉంటాయి. ఆ బరువంతా నడినెత్తి మీద ఒకేచోట పడుతోందా, వెడల్పాటి పట్టీ మీద పరుచుకుంటోందా అన్నది చూడండి.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కృత్రిమ తోలు మెత్తలు చెమటను, వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. గుడ్డ లేదా వెల్వెట్ మెత్తలు బయటి శబ్దాన్ని కొంత ఎక్కువగా రానిచ్చినా చెవికి గాలి తగలనిస్తాయి. ఏసీ లేని గదిలో పనిచేసేవారికి నేను వీటినే సూచిస్తాను. మెత్తలు విడిగా దొరికే మోడల్ అయితే అవి పాడైనప్పుడు మార్చుకోవచ్చు.

అపోహ: నాయిస్ క్యాన్సిలేషన్ (బయటి మోతను అణచే సదుపాయం) ఉంటే కూలర్ హోరు, ఇంట్లోవాళ్ల మాటలు ఏవీ వినిపించవు.

వాస్తవం: 1978లో ఒక విమాన ప్రయాణంలో ఇంజిన్ మోత ఇబ్బంది పెట్టడంతో బోస్ ఆడియో సంస్థ స్థాపకుడు అమర్ బోస్ ఈ దిశగా ఆలోచన మొదలుపెట్టారు. నేటికీ ఈ సాంకేతికత బాగా అణచగలిగేది అటువంటి ఎడతెగని, తక్కువ శ్రుతి మోతనే. కూలర్ మోటారు గుర్రుమనడం బాగా తగ్గుతుంది. నీటి చప్పుడు, గాలి రొద కొంత మిగులుతాయి, పక్క గదిలో టీవీ సీరియల్ మాటలు మరింత మిగులుతాయి. అయినా ఇది ఎంతో మేలైన సదుపాయమని నేను నమ్ముతాను, ఎందుకంటే బయటి మోత తగ్గితే వాల్యూమ్ పెంచవలసిన అవసరం తగ్గుతుంది.

ఆ తగ్గుదల విలువ ఎంతో అంకెల్లో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం ప్రకారం పెద్దలు వారానికి 40 గంటలు వినదగిన స్థాయి 80 డెసిబెల్స్, పిల్లలకు అది 75. ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు సురక్షిత సమయం సగానికి పడిపోతుంది: 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. ఆఫీసు కాల్స్, పాఠాలు, రాత్రి సినిమాలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఇంటర్ చదివే పిల్లల తల్లిదండ్రులను నేను కోరేది ఒక్కటే: పిల్లలు పాఠం వినే గదిలో కూలర్‌ను వారి బల్లకు దూరంగా జరపండి.

అపోహ: పాట బాగా వినిపించే హెడ్‌ఫోన్‌లో కాల్స్ కూడా బాగుంటాయి.

వాస్తవం: చాలా బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మైకు పనిచేయడం మొదలుకాగానే సంగీతం వినే పద్ధతిని వదిలి ఫోన్ కాల్ పద్ధతికి మారతాయి. అక్కడ శబ్దం సెకనుకు 8,000 లేదా 16,000 నమూనాలకు (శబ్దాన్ని కొలిచి నమోదు చేసే సార్లకు) కుదించుకుపోతుంది, అందుకే గొంతులు డబ్బాలోంచి వచ్చినట్లుంటాయి. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ విధానం దీన్ని మెరుగుపరుస్తుంది, అయితే కంప్యూటర్, హెడ్‌ఫోన్ రెండింటిలోనూ అది ఉండాలి. లేనప్పుడు మీటింగ్ సెట్టింగుల్లో వినడానికి హెడ్‌ఫోన్‌ను, మాట్లాడడానికి ల్యాప్‌టాప్ మైకును ఎంచుకుంటే మీకు వినిపించే శబ్దం చెడదు. కాని నోటికి మైకు దూరం రెట్టింపైతే మైకుకు చేరే గొంతు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలోని హోరు మాత్రం తగ్గదు. రోజుకు మూడు నాలుగు గంటలు మీటింగుల్లో గడిపేవారికి నోటి దగ్గరకు వచ్చే కాడ మైకున్న తేలికపాటి యూఎస్‌బీ హెడ్‌సెట్టే మేలని నా స్థిరమైన అభిప్రాయం. దాని ధర కూడా తక్కువే.

కాల్ అయ్యాక గొంతు బొంగురుపోయేవారు ఇంకొకటి గమనించాలి. చెవులు మూసుకున్నప్పుడు మన గొంతు మనకు గుమ్మటంలో ఉన్నట్లు వినిపిస్తుంది, బయటి శబ్దం సరిగా తెలియక గట్టిగా మాట్లాడతాం. మన మాటను మనకే కొద్దిగా వినిపించే సైడ్‌టోన్ సదుపాయం ఉందేమో చూడండి. లేకపోతే ఒక చెవి వైపు కొంచెం పక్కకు జరిపి మాట్లాడండి.

పెద్ద డ్రైవర్ (హెడ్‌ఫోన్ లోపల శబ్దాన్ని పుట్టించే భాగం) ఉంటే శబ్దం గొప్పగా ఉంటుందన్నది కూడా అపోహే, డిజైన్ బాగుంటే 40 మిల్లీమీటర్లే చాలు. బ్లూటూత్ తలకు హాని చేస్తుందని భయపడేవారూ ఉన్నారు, కాని అది వెలువరించే రేడియో తరంగాలు అయనీకరణం కలిగించేవి (అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టేంత బలమైనవి) కావు, వాటి శక్తి కూడా చాలా తక్కువ.

అపోహ: ఇయర్‌బడ్స్ చిన్నవి కాబట్టి రోజంతా పెట్టుకున్నా ఏమీ కాదు.

వాస్తవం: అవి చెవి నాళాన్ని మూసేస్తాయి. తేమ బయటికి పోదు, సహజంగా బయటికి రావలసిన గుబిలి లోపలికి నెట్టబడుతుంది. వానాకాలంలో చెవిలో ఫంగస్‌తో వచ్చేవారిని ఇయర్‌బడ్స్ వాడతారా అని నేను తప్పక అడుగుతాను. సరైన కొలత రబ్బరు తొడుగు ఎంచుకోవాలి (కుడి, ఎడమ చెవులకు కొలతలు వేరుగా ఉండడం మామూలే), వారానికి రెండుసార్లు దాన్ని తీసి కడిగి ఆరబెట్టాలి, ఇంట్లో ఒకరివి మరొకరు పెట్టుకోకూడదు. గంటకోసారి ఐదు నిమిషాలు తీసేస్తే చెవికి గాలి ఆడుతుంది.

అపోహ: మొదట్లో నొప్పి సహజం, వాడగా వాడగా పోతుంది.

వాస్తవం: కొత్త బిగింపు కొన్ని రోజుల్లో కాస్త సడలడం నిజమే. కానీ మొదటి వారం దాటాక కూడా అదే చోట నొప్పి వస్తుంటే ఆ హెడ్‌ఫోన్ మీ తలకు సరిపోలేదన్నమాట, మార్చుకునే గడువు ముగియకముందే తిరిగి ఇచ్చేయండి. హెడ్‌ఫోన్ తీశాక చెవిలో గుయ్‌మనే మోత మర్నాటికీ తగ్గకపోతే వినికిడి పరీక్ష చేయించుకోవాలి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకుండా పోతే మాత్రం గుబిలి అనుకుని ఇంట్లో చుక్కలు వేసుకుంటూ కాలయాపన చేయకుండా, అదే రోజు చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.