ముందున్నది గతమా, భవిష్యత్తా?

పిల్లలూ,

"చరిత్రంటే తేదీలు బట్టీ పట్టడమేగా తాతయ్యా!" అని మొన్న ఫోన్‌లో విసుక్కున్నారు. నవ్వి ఊరుకున్నాను గానీ, ఆ మాట అప్పట్నుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది.

"రెండేళ్ల ముందు" అని ఒకసారి పైకి అనండి. అది గతం. "ముందు ముందు ఏమవుతుందో" అనండి. అది భవిష్యత్తు. మన 'ముందు' రెండు వైపులా చూస్తుంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల్లోని ఐమారా జనం భాషలో గతానికి వాడే 'నయ్‌రా' అన్న మాటకి కన్ను, ఎదురు అనే అర్థాలు కూడా ఉన్నాయి. జరిగిపోయింది చూశాం కాబట్టి అది కళ్లెదుట ఉంటుంది, చూడనిది వీపు వెనక. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీలూ అంతే, గతం వైపు ముఖం పెట్టి వెనక్కి నడుస్తూ రేపటిలోకి వెళ్తామంటారు.

గతానికీ తనకీ ఉన్న సంబంధాన్ని మనిషి చూసుకునే ఈ తీరునే చరిత్ర స్పృహ అంటారు. జర్మన్ పండితుడు యోర్న్ ర్యూసెన్ ఇందులో నాలుగు రకాలు చెప్పాడు: పెద్దల బాట పట్టడం, పాత కథలోంచి నీతి ఏరుకోవడం, ఆ కథనే నిలదీయడం, కాలంతోపాటు విలువలూ మారతాయని గ్రహించడం. బాగానే ఉంది. కానీ వీటిని మెట్లలా పేర్చి, పెద్దలు చెప్పింది గుర్తుపెట్టుకునే వాళ్లని అడుగు మెట్టు మీద నిలబెడితే నేనొప్పుకోను. కెనడాలో ఆదివాసులు తమ భూమి కోసం కోర్టుకెళ్తే, కింది కోర్టు వాళ్ల నోటి చరిత్రని పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. 1997లో సుప్రీంకోర్టు అది తప్పని చెప్పి, మళ్లీ విచారించమంది.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది మాత్రం న్యూజిలాండ్‌లో జరిగిన వైటాంగి ఒప్పందం. 1840 ఫిబ్రవరి 6న మావోరీ పెద్దలకీ బ్రిటిష్ వాళ్లకీ మధ్య కుదిరింది. ఇంగ్లిష్ ప్రతిలో సార్వభౌమాధికారం మొత్తం రాణికి అప్పగిస్తున్నట్టు ఉంది. మావోరీ ప్రతిలో ఆ చోట ఉన్నది 'కావనాతంగ'. గవర్నర్ అన్న మాట వాళ్ల నోట్లో 'కావనా' అయింది, దాన్నుంచి పుట్టిన మాట. పాలన అనుకోండి. పైగా ఆ తర్వాతి అంశంలోనే మావోరీల భూముల మీద, ఊళ్ల మీద పెత్తనం మావోరీలదేనని రాసి ఉంది! ఐదొందల పైచిలుకు మంది మావోరీ పెద్దలు సంతకాలు పెడితే, అందులో ఇంగ్లిష్ ప్రతి మీద ఉన్నవి 39 మాత్రమే.

2023లో న్యూజిలాండ్ బళ్లలో సొంత దేశ చరిత్ర తప్పనిసరి చేశారు. టీచరు ఆ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టినప్పుడు, అటువైపు వాళ్ల మునిమనవలూ ఇటువైపు వాళ్ల మునిమనవలూ ఒకే బెంచీ మీద ఉండొచ్చు. ఒకరికి అది దేశం మొదలైన రోజు. ఇంకొకరికి ఇచ్చిన మాట తప్పడం మొదలైన రోజు. తేదీ మాత్రం ఇద్దరికీ ఒకటే.

అన్నట్టు, పరీక్షకి ఆ తేదీలు కూడా చదవండి. లేకపోతే మీ అమ్మ నన్నే తిడుతుంది.

మీ తాతయ్య