'గిమ్మిక్' క్యాసెట్ పాడవలేదు, మీ డబ్బాలోనే ఆ తీగ లేదు

పాత టీవీ గేములు బాగుచేసే పని నాది. ఈ మధ్య నా బల్ల దగ్గరికి ఒకే రకం కంప్లెయింట్ మళ్లీ మళ్లీ వస్తోంది. "క్యాసెట్ జపాన్ నుంచి తెప్పించుకున్నాను. బొమ్మ బాగానే వస్తోంది. యూట్యూబ్‌లో విన్న మ్యూజిక్ మాత్రం రావట్లేదు. చిప్ పోయిందా అన్నా?" అని అడుగుతారు. తీసి చూస్తే చాలాసార్లు అది జపాన్ కంపెనీ సన్‌సాఫ్ట్ వాళ్ల 'గిమ్మిక్' అనే గేమ్ అయి ఉంటుంది.

ఈ గేమ్ పెద్దగా ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఉంది. నింటెండో వాళ్లు జపాన్‌లో అమ్మిన టీవీ గేమ్ డబ్బా ఫామికామ్ మీద ఇది వచ్చింది 1992 జనవరిలో. అప్పటికే 1990 నవంబరు నుంచి దాని తర్వాతి డబ్బా సూపర్ ఫామికామ్ షాపుల్లో ఉంది, అందరి కళ్లూ దాని మీదే. అమెరికాలో అసలు విడుదలే కాలేదు. యూరప్‌లో స్కాండినేవియా దేశాల్లో మాత్రం 1993లో 'మిస్టర్ గిమ్మిక్' పేరుతో అమ్మారు. అలా మరుగున పడ్డది ఇప్పుడు సేకరించేవాళ్లకు బంగారమైపోయింది. ఒక్క క్యాసెట్ మీద అంత డబ్బు పోశాక సగం పాటే వినిపిస్తే ఎవరికైనా గుండె జారుతుంది. అందుకే ముందు ఆ టెన్షన్ సంగతి తేల్చేద్దాం.

అపోహ: క్యాసెట్ స్లాట్‌లో కూర్చుని గేమ్ ఆడిందంటే కన్సోల్‌కు (క్యాసెట్ పెట్టే డబ్బాకు) అంతా సరిపోయినట్టే. మ్యూజిక్ తగ్గితే తప్పు క్యాసెట్‌దే.

వాస్తవం: కాదు. నూటికి తొంభై మందిని ముంచేది ఈ ఒక్క నమ్మకమే.

ఫామికామ్ క్యాసెట్‌కు 60 పిన్నులు. వాటిలో 45, 46 నంబర్లు సౌండ్ కోసం. కన్సోల్ తన సౌండ్‌ను 45వ పిన్ను మీదుగా క్యాసెట్‌లోకి పంపుతుంది. క్యాసెట్ దాన్ని 46 మీదుగా వెనక్కి పంపితే అప్పుడు టీవీకి వెళ్తుంది. మామూలు క్యాసెట్లలో ఈ రెండు పిన్నులనూ లోపలే కలిపేస్తారు, వచ్చింది వచ్చినట్టు వెనక్కి పోతుంది. గిమ్మిక్‌లో అలా కాదు. దాని బోర్డు మీద సన్‌సాఫ్ట్ 5బి అనే చిప్ ఉంటుంది. ఫామికామ్‌కు సొంతంగా ఉన్న ఐదు చానెళ్లకు తోడు అది మరో మూడు చానెళ్ల స్వరాలు వాయిస్తుంది. ఆ చిప్‌లోని సౌండ్‌ను వాడుకున్న గేమ్ అప్పట్లో మార్కెట్‌లోకి వచ్చింది ఇదొక్కటే. కన్సోల్ సొంత సౌండూ ఈ చిప్ సౌండూ క్యాసెట్ లోపల కలిసి 46 మీదుగా బయటికొస్తాయి.

ఇప్పుడు మన దగ్గర దొరికే క్లోన్ డబ్బా, అంటే ఫామికామ్‌కు నకలుగా వేరేవాళ్లు చేసినది, ఒకటి విప్పండి. ప్రాసెసర్ ఉండాల్సిన చోట బోర్డు మీద నల్లటి జిగురు ముద్ద ఒకటి ఉంటుంది. స్లాట్‌కు 60 పిన్నులూ ఉంటాయి, చూడ్డానికి లోటేమీ కనిపించదు. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి ఒక కొసను 46 మీద ఆనించి, రెండో కొసతో బోర్డంతా వెతకండి. చాలా డబ్బాల్లో ఎక్కడా మోగదు. ఆ పిన్ను ఎటూ పోదు! తయారుచేసినవాడు సౌండ్‌ను ముద్ద నుంచి నేరుగా టీవీ జాక్‌కు లాగేసి తీగ ఖర్చు మిగుల్చుకున్నాడు. అందుకే డ్రమ్ములు వినిపిస్తాయి, బేస్ వినిపిస్తుంది, పాట మాత్రం పళ్లూడిన నోరులా ఉంటుంది.

కాబట్టి లక్షణం చూసి రోగం చెప్పొచ్చు. క్లోన్ డబ్బాలో సగం మ్యూజిక్ అంటే డబ్బాకే దారి లేదు. అసలైన ఫామికామ్‌లో పెడితే డ్రమ్ములు పోయి సన్నటి స్వరాలు మాత్రమే మిగిలాయంటే 45వ పిన్ను మురికి పట్టింది. మొత్తానికే సౌండ్ లేకపోతే ముందు 46ను తుడవండి. ఈ మూడింటిలో ఒక్కదానికీ క్యాసెట్ చిప్‌ను కదపాల్సిన పని లేదు.

ఇది తెలియకే జనం నష్టపోతున్నారు. ఒక కుర్రాడు ఎవరో చెప్పారని ఇంకో చోట హీట్ గన్ పెట్టించుకుని మరీ నా దగ్గరికి తెచ్చాడు. లేబుల్ అంచులు ముడుచుకుపోయాయి, ప్లాస్టిక్ ఒక మూల మెత్తబడి వంగింది. లోపల చిప్ మాత్రం అదృష్టవశాత్తూ బతికే ఉంది. నా దగ్గరున్న ఫామికామ్‌లో పెట్టి మొదటి స్టేజ్ మ్యూజిక్ వినిపించాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ క్యాసెట్‌కు లేబుల్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. హీట్ గన్ పెట్టినవాడి మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాయదగ్గది కాదు.

ఇంకొందరు మొదటి క్యాసెట్ పాడైందనుకుని రెండోది కొంటారు. అందులోనూ అదే సగం పాట. ఇంకా ఘోరమేమిటంటే ఆ రెండోది నకిలీ అవుతుంది. తళతళలాడే కొత్త ప్లాస్టిక్‌తో తక్కువ ధరకు వచ్చేవాటిలో చాలావాటికి 5బి చిప్పే ఉండదు. గేమ్ ఆడుతుంది, ఆ మూడు చానెళ్లు మాత్రం ఏ కన్సోల్‌లో పెట్టినా రావు. స్కాండినేవియా వెర్షన్ నకిలీ కాదు గానీ, అందులోనూ ఈ సౌండ్ చిప్ లేదు. అది కొని నన్ను బాగుచేయమంటే నేనేం చేయను?

మరి దారేమిటి? మీ క్లోన్‌లో 46 నుంచి సౌండ్ లైన్‌కు రెసిస్టర్ ఒకటి వేసి తీగ లాగితే చాలావరకు పని జరుగుతుంది. సోల్డరింగ్ తెలిసినవాళ్లకు అది చిన్న పనే. 72 పిన్నుల ఎన్‌ఈఎస్‌లో (బయటి దేశాల కోసం చేసిన ఫామికామ్) ఈ 60 పిన్నుల క్యాసెట్‌ను అడాప్టర్ పెట్టి ఆడేవాళ్లయితే ముందు ఆ అడాప్టర్ సౌండ్ పిన్నును కలుపుతోందో లేదో చూడండి. చవకవి దాన్ని గాలికి వదిలేస్తాయి. కలిపితే ఎన్‌ఈఎస్ అడుగున ఉన్న ఎక్స్‌పాన్షన్ పోర్టులో 3, 9 పిన్నుల మధ్య 47 కిలో ఓముల రెసిస్టర్ వేస్తారు. ఎవరి మాటా నమ్మకుండా పాటను పాటలా వినాలంటే మాత్రం 2023లో వచ్చిన స్పెషల్ ఎడిషన్ ఉంది, నింటెండో స్విచ్‌లోనూ పీసీలోనూ దొరుకుతుంది. దాన్ని ఒకసారి విని, తర్వాత మీ డబ్బాను విని, అప్పుడు నాకు ఫోన్ చేయండి.

అపోహ: ఎమ్యులేటర్‌లో (కంప్యూటర్‌లో పాత గేములు ఆడించే సాఫ్ట్‌వేర్‌లో) గేమ్ మరీ ఫాస్ట్‌గా ఉంది. చిన్నప్పుడు ఇలా లేదు.

వాస్తవం: మీ జ్ఞాపకం కరెక్టే, ఎమ్యులేటర్ కూడా కరెక్టే. ఇది నాకు ఇష్టమైన కంప్లెయింట్. మన పాత టీవీలు పాల్ పద్ధతివి, అంటే బొమ్మ సెకనుకు 50 సార్లు మారేది. ఇక్కడ అమ్మిన క్లోన్లూ దానికి తగ్గట్టే చేసినవి. జపాన్‌లో ఈ గేములు చేసింది 60కి. అంటే ఎండాకాలం సెలవుల్లో గంటకు ఇంత అని కట్టి, వీధి చివర వీడియో గేమ్ షాపులో మనం ఆడిన కాంట్రా, మారియో అన్నీ ఆరో వంతు నెమ్మదిగా నడిచాయి. మా షాపు యజమాని గోడ గడియారం కంటే ముందే "టైమ్ అయింది, లే" అనేవాడు కానీ టీవీలో మాత్రం అన్నీ తీరుబడిగానే కదిలేవి. గిమ్మిక్‌ను క్లోన్‌లో ఆడి "బండగా ఉంది" అని తీర్పు చెప్పేవాళ్లు ఈ లెక్క మరిచిపోతారు.

ఆ తేడా ఈ గేమ్‌లో మరీ తెలుస్తుంది. హీరో యుమెతారో చేతిలో ఉన్నది ఒక నక్షత్రం. బటన్ నొక్కి పట్టుకుంటే అది తల మీద తయారవుతుంది, వదిలితే వెళ్లి నేలకూ గోడకూ తగిలి ఎగురుతూ పోతుంది. ఏటవాలు మీద వదిలితే జోరు పెరుగుతుంది. అది ఎగిరే సమయం చూసుకుని దాని నెత్తినెక్కితే, మామూలుగా అందని అరుగు మీదికి మోసుకెళ్తుంది. ఆ ఎక్కడమంతా అరక్షణం వ్యవహారం. 50 మీద అలవాటైన వేలు 60 మీద తప్పుతుంది, అంతే.

అపోహ: ముద్దుగా ఉంది కాబట్టి ఇది పిల్లల గేమ్.

వాస్తవం: ఆడి చూడండి. సాయంత్రం కల్లా మీరే ఒప్పుకుంటారు.

అపోహ: నా క్యాసెట్ కట్ వెర్షన్. చివరి స్టేజ్ దాటినా అసలు ఎండింగ్ రాలేదు.

వాస్తవం: కట్ వెర్షనూ లేదు, పాడూ లేదు. ఎవరో వాట్సాప్‌లో పుట్టించిన మాట ఇది. ఆరు స్టేజీల్లోనూ ఒక్కో నిధి దాచి ఉంది. ఆరూ దొరికితేనే ఆ తర్వాత దాగి ఉన్న ఏడో స్టేజ్ తెరుచుకుని అసలు ముగింపు వస్తుంది. లైఫులన్నీ పోయి కంటిన్యూ కొట్టారంటే అప్పటిదాకా ఏరుకున్న నిధులన్నీ పోతాయి. నిధులున్న చోట్లకు చాలావరకు ఆ నక్షత్రమెక్కే చేరాలి. కంటిన్యూ వాడి గేమ్ ముగించినవాళ్లకు వచ్చేది మామూలు ఎండింగే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. లోపల బ్యాటరీ చచ్చిపోయిందంటారు. ఈ గేమ్‌లో సేవ్ చేయడమే లేదు, బ్యాటరీతో పనేముంది? ఉఫ్ అని ఊదితే బాగవుతుందంటారు. నోటి తడికి పిన్నులు తుప్పు పడతాయి తప్ప ఒరిగేదేమీ లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్ చాలు, పెట్రోలూ థిన్నరూ ఎమరీ పేపరూ దగ్గరికి కూడా రానివ్వకండి. జపాన్ ఫామికామ్‌ను మన టీవీ యాంటెన్నాకు పెడితే బొమ్మ రాలేదని కన్సోల్‌ను పారేయకండి. వాళ్ల చానెళ్లు వేరు, ఏవీ మోడ్ (బొమ్మా సౌండూ నేరుగా ఏవీ జాక్ నుంచి వచ్చేలా మార్పు) చేయించాలి.

ఒక్కదాని దగ్గర మాత్రం ఆగండి. ఫామికామ్‌తో వచ్చే అసలు పవర్ అడాప్టర్ జపాన్ కరెంటు కోసం చేసినది, 100 వోల్టులకు. దాన్ని మన 230 వోల్టుల ప్లగ్గులో గుచ్చితే ఏం జరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఎన్‌ఈఎస్ పవర్ అడాప్టర్ కూడా పెట్టకండి, అది ఏసీ ఇస్తుంది. ఫామికామ్‌కు కావాల్సింది 10 వోల్టుల డీసీ, 850 మిల్లీ ఆంపియర్లు, పిన్ను మధ్యలో నెగెటివ్. మన దగ్గర దొరికే అడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యలో పాజిటివ్ ఉంటుంది. కొనేటప్పుడు అడాప్టర్ మీద గీసి ఉన్న గుర్తు చూసి, ఇంటికొచ్చాక మీటర్‌తో ఇంకోసారి చూసి, అప్పుడు పెట్టండి.