కాళ్లకు కరెంటు: గొడవ ఇప్పటిదే, మలుపు మాత్రం 1982లోది

తిరుపతిలో ఫ్రీగా కాళ్లకు కరెంటు పెట్టే సెంటర్ల మీద మళ్లీ గొడవ మొదలైంది. మెషిన్ మీద అరికాళ్లు ఆనించి అరగంట కూర్చుంటే రక్తం బాగా ఆడుతుందని, నరాలు దారికొస్తాయని, షుగర్ బిళ్లలు కూడా తగ్గించుకోవచ్చని అక్కడ చెబుతున్నారు. ఏటా అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోయే మా పెద్దనాయన ఆ మాట నమ్మి నెలరోజులు తిరిగాడు. బిళ్లలు మానేశాడు. అరికాలికి పుండు పడ్డ సంగతి ఆయనకే తెలియలేదు.

కరెంటుతో నొప్పి ఎలా తగ్గుతుందో 1965లోనే మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు, దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు. రక్తప్రసరణ సంగతి వేరు. అది 1982లో నార్వే శాస్త్రవేత్త బిర్గర్ కాడా అచ్చువేసిన పరిశీలనతో మలుపు తిరిగింది. చలికి వేళ్లు పాలిపోయే రేనాడ్ సమస్య ఉన్నవాళ్లకు, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు ఆయన తక్కువ ఫ్రీక్వెన్సీ కరెంటు పెట్టాడు, అదీ సమస్య ఉన్నచోట కాదు, దూరంగా మరోచోట. 22-24 డిగ్రీల దగ్గర చల్లగా ఉన్న చర్మం పావుగంట నుంచి అరగంటలో వేడెక్కడం మొదలై 31-34 డిగ్రీలకు చేరింది, ఆ వేడి గంటల తరబడి నిలిచింది. కరెంటు ఒకచోట పెడితే ఇంకోచోట రక్తనాళాలు తెరుచుకున్నాయంటే, మన ప్రమేయం లేకుండా నాళాలను బిగించి ఉంచే సింపథెటిక్ నరాల పట్టు సడలి ఉండాలని జనానికి అనిపించింది. ఇలా వాటంతటవే పనిచేసే నరాలనే అటానమిక్ నరాలంటారు. కరెంటు 'అటానమిక్ నరాలను సరిచేస్తుంది' అనే మాటకు బలం ఇక్కడే దొరికింది.

కానీ తర్వాత ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షల్లో, చర్మం జివ్వుమనేంత కరెంటుకు రక్తప్రవాహంలో చెప్పుకోదగ్గ మార్పు పెద్దగా కనిపించలేదు. కండ బాగా ముడుచుకునేంత గట్టిగా పెడితే పెరిగింది, నడిచినప్పుడు పిక్క రక్తాన్ని పైకి నెట్టినట్టే. అంటే ఎంత కరెంటు, ఎక్కడ, ఎవరికి అన్నదాన్ని బట్టే ఫలితం. వేళ్లు వెచ్చబడటం వేరు, రక్తంలో షుగర్ తగ్గడం వేరు, ఈ రెండూ ఒకటేనని ఆ పరిశీలన ఎక్కడా చెప్పలేదు.

హాయిగా ఉందనే జనం వస్తున్నారని నిర్వాహకులు అంటున్నారు. నొప్పి తగ్గుతుండొచ్చు, కాదనను. ఫిజియోథెరపిస్టులు అడిగేది వేరే: పేస్‌మేకర్ ఉందా, కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఉందా, స్పర్శ ఉందా అని చూడకుండా కరెంటు ఎలా పెడతారు? స్పర్శ పోయిన కాలికి చర్మం కాలినా తెలియదు. షుగర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది, 2020 ఏప్రిల్ నుంచి వైద్య పరికరాలన్నీ మందుల చట్టం కిందికి వచ్చాయి.

స్పర్శ చూడటానికి 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నటి నైలాన్ పోగు చాలు, కొద్ది నిమిషాల పని. పెద్దనాయన కూర్చున్న ఆ నెలరోజుల్లో ఒక్కరు కూడా ఆయన కాలు పైకెత్తి చూడలేదు.